రోడ్డు పక్క గాలి షాపు లేని దేశంలో

విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర కారు టైరులో గాలి తగ్గిందని ఎవరూ కంగారు పడరు. చెన్నై–కోల్‌కతా రోడ్డూ, హైదరాబాద్–మచిలీపట్నం రోడ్డూ కలిసేది అక్కడే. బళ్లు బాగుచేసే ఆటోనగర్ కూడా దగ్గరే. ఏ వైపు తిరిగినా కాసేపట్లో ఒక పంక్చర్ షాపు కనిపిస్తుంది. బయట పాత లారీ టైరు నిలబెట్టి ఉంటుంది, లోపల బెల్టుతో తిరిగే కంప్రెషర్ డబడబలాడుతుంటుంది. "ముందు ముప్పై, వెనక ముప్పై రెండు కొట్టన్నా" అంటే చాలు, సీటులోంచి లేవక్కర్లేదు. అంకె తెలియకపోతే కారుని చూసి అతనే కొట్టేస్తాడు. కృష్ణా జిల్లా నుంచి అమెరికా వచ్చిన మనవాళ్లలో ఎంతోమందికి తమ టైరులో ఎంత గాలి ఉండాలో తెలియదంటే కారణం ఇదే. తెలిసిన మనిషి ఎప్పుడూ పక్కనే ఉన్నాడు.

ఇక్కడ ఆ పని మీదే. గ్యాస్ స్టేషన్‌లో ఓ మూల గాలి మిషను ఉంటుంది. చాలాచోట్ల డబ్బులు వేయాలి. కాలిఫోర్నియాలో మాత్రం పెట్రోలు పోయించుకున్నవాళ్లకి గాలి, నీళ్లు ఉచితంగా ఇవ్వాలని చట్టమే ఉంది. డిస్కౌంట్ టైర్ అనే టైర్ల షాపువాళ్లు తమ షాపులున్న చోట ఊరికే చూసి కొడతారు. మామూలు కారుతో ఆఫీసుకి వెళ్లి వచ్చేవాళ్లకి ఇంతకంటే అక్కర్లేదు.

అసలు కష్టం వేసవిలో వస్తుంది. అమ్మానాన్నలు వస్తారు, రెండు కుటుంబాలు కలిసి ఇల్లులాంటి బండి, ఆర్‌వీ, అద్దెకి తీసుకుని ఎల్లోస్టోనో గ్రాండ్ కెన్యనో బయల్దేరతాయి. లేదా పికప్ కొనుక్కున్నాయన వెనకాల ట్రెయిలర్ తగిలిస్తాడు. ఆ పొడవు బండి గ్యాస్ స్టేషన్ మూలకి తిరగదు. తిరిగినా, కార్ల కోసం పెట్టిన మిషన్లు చాలావరకు ఆర్‌వీకి కావలసిన ఒత్తిడి దాకా ఎక్కించలేవు. హైవే పక్కన లారీలు ఆగే ట్రక్ స్టాపులు ఆదుకుంటాయి కానీ, క్యాంప్‌గ్రౌండ్లో పొద్దున్నే ఒక టైరు మెత్తబడి కనిపిస్తే ట్రక్ స్టాపు దాకా దాని మీదే నడపడం ప్రమాదం. సొంత కంప్రెషర్ అవసరం అక్కడ తెలుస్తుంది.

కొనే ముందు మీ టైరుకి ఎంత కావాలో చూసుకోండి. కారుకైతే డ్రైవర్ తలుపు తీస్తే చట్రం మీద స్టిక్కరు ఉంటుంది. చాలా కార్లకి 32 నుంచి 36 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) మధ్య రాసి ఉంటుంది. టైరు పక్కన అచ్చుపోసిన అంకె గరిష్ఠం, కారులో అంత కొట్టకూడదు. ట్రెయిలర్ సంగతి వేరు. దాని స్టిక్కరు మీద సాధారణంగా టైరు గరిష్ఠానికి దగ్గరి అంకే ఉంటుంది. ట్రెయిలర్ టైర్లలో బరువు మోసే తరగతి, అంటే లోడ్ రేంజ్, సి అయితే 50, డి అంటే 65, ఇ అంటే 80 పీఎస్‌ఐ. బస్సంత ఉండే పెద్ద మోటర్‌హోముల్లో 100 దాటుతుంది. ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్లకి స్టిక్కరు కిలోపాస్కల్స్‌లో, బ్రిటన్‌లో బార్‌లో కూడా కనిపిస్తుంది. 35 పీఎస్‌ఐ అంటే 240 కిలోపాస్కల్స్, 2.4 బార్.

ఇప్పుడు పెట్టె మీద అంకె. పాతిక డాలర్ల పంపు మీద కూడా 150 పీఎస్‌ఐ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. ఆ అంకె చూసి కొనకండి. పంపు ఎంత ఒత్తిడి దాకా నెట్టగలదో మాత్రమే అది చెబుతుంది, ఎంత గాలి ఎంత సేపట్లో పంపుతుందో చెప్పదు. చిన్న పంపు కారు టైరుని 30 నుంచి 35కి తేలిగ్గానే ఎక్కిస్తుంది. ఆర్‌వీ టైరు పెద్దది, పైగా లోపలున్న 65 పీఎస్‌ఐ ఎదురు తోస్తుంటే ఇంకా గాలి నెట్టాలి. ఒత్తిడి పెరిగేకొద్దీ పంపు నుంచి వచ్చే గాలి తగ్గిపోతుంది. కాబట్టి చూడాల్సింది సీఎఫ్‌ఎం, అంటే నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి వస్తుందన్నది. అది కూడా ఏ ఒత్తిడి దగ్గర అన్నది రాసి ఉందా అని చూడండి. సున్నా దగ్గర కొలిచిన అంకె ఆర్‌వీకి పనికిరాదు.

దాని వెంటనే చూడాల్సింది వేడి. మంచి కంప్రెషర్ మీద డ్యూటీ సైకిల్ ఇస్తారు. 100 పీఎస్‌ఐ దగ్గర 33 శాతం అంటే గంటలో 20 నిమిషాలు నడిపి 40 నిమిషాలు చల్లారనివ్వాలి. చాలా ఆర్‌వీలకి ఆరు టైర్లు. రెండో టైరు దగ్గరే మోటారు కాలిపోయి ఆగిందంటే మిగతా నాలుగు అలాగే ఉంటాయి. డ్యూటీ సైకిల్ అసలు రాయని పంపుని ఈ పనికి నమ్మకండి.

కరెంటు ఎక్కణ్నుంచి వస్తుందన్నది మూడో సంగతి. కారులో ఫోన్ ఛార్జర్ పెట్టే 12 వోల్టుల సాకెట్‌కి సాధారణంగా 10 నుంచి 20 ఆంపియర్ల ఫ్యూజు ఉంటుంది. 15 ఆంపియర్లంటే 180 వాట్లే. బలమైన కంప్రెషర్ అంతకంటే ఎక్కువ లాగుతుంది, ఫ్యూజు పోతుంది. అందుకే ఆ తరగతివాటికి క్లిప్పులు ఉంటాయి. ఇంజను ఆన్‌లో పెట్టి నేరుగా బ్యాటరీకే తగిలించాలి. బ్యాటరీ ముందుంటే టైరు వెనకుంటుంది కాబట్టి గొట్టం చివరి టైరు దాకా అందుతుందో లేదో కొలుచుకోండి. ఇండియా నుంచి తెచ్చుకోవచ్చా అని అడుగుతుంటారు. 12 వోల్టులది అయితే ఇక్కడి వాల్వుకీ సాకెట్‌కీ సరిపోతుంది. గోడ ప్లగ్గులో పెట్టే 230 వోల్టులది అమెరికాలో నడవదు.

ఇంకో దారి ఉంది. ఇంట్లో ఫర్నిచర్ బిగించడానికి డ్రిల్ కొనుక్కునే ఉంటారు. డివాల్ట్, మిల్వాకీ, రయోబీ కంపెనీలు అదే బ్యాటరీతో నడిచే గాలి పంపులు అమ్ముతాయి. కార్లు, చిన్న ట్రెయిలర్లు ఉన్నవాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే. ఆర్‌వీలతో, పెద్ద ట్రెయిలర్లతో తరచూ తిరిగేవాళ్లకి మాత్రం బ్యాటరీకి క్లిప్పులతో తగిలించే రకమే. వయ్యర్ కంపెనీవి ఆర్‌వీల కోసమే ప్రత్యేకంగా ఉన్నాయి.

వెనకవైపు జంట చక్రాలున్న ఆర్‌వీ దగ్గర ఒకసారి కూర్చుని చూడండి. బయటి టైరు వాల్వు లోపలికి తిరిగి ఉంటుంది, లోపలి టైరు వాల్వు చక్రం రంధ్రంలోంచి కొద్దిగా తొంగిచూస్తుంది. మామూలు క్లిప్పు గొట్టం అక్కడ పట్టదు, చెయ్యి కూడా దూరదు. రెండు వైపులా నోరున్న పొడవాటి కడ్డీ లాంటి చక్ కావాలి. అది పంపుతో పాటే కొనండి. మరమేకులా తిప్పి బిగించే గొట్టమైతే విప్పేటప్పుడు కొంత గాలి సుయ్యిమని పోతుంది, కాబట్టి చివరి కొలత పంపు మీటరుతో కాకుండా విడిగా ఉన్న గేజీతో చూసుకోవాలి.

గాలి చూసేది పొద్దున్నే, బండి కదలక ముందు, లేదా మూడు గంటలు ఆగాక. అరిజోనా ఎండలో మధ్యాహ్నం ఆపి చూస్తే 80 కొట్టిన టైరు 90 దాటి చూపించవచ్చు. ఎక్కువైందని గాలి తీసేయకండి. చల్లారాక అది తక్కువ గాలి టైరు అవుతుంది, తక్కువ గాలి టైరే వేడెక్కి పేలుతుంది. మనవాళ్లు పిల్లలతో, పెద్దవాళ్లతో ఎక్కే బండి కనుక ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

చలికాలం మరోలా ఉంటుంది. ఉష్ణోగ్రత 10 ఫారెన్‌హీట్ డిగ్రీలు పడితే కారు టైరులో సుమారు 1 పీఎస్‌ఐ తగ్గుతుంది. టైరు ఒత్తిడి చెప్పే లైటు అమెరికాలో 2007 సెప్టెంబరు నుంచి తయారైన కార్లన్నిటిలో తప్పనిసరి. కానీ గాలి నాలుగో వంతు తగ్గేసరికి అది వెలగాలన్నదే ఇక్కడి నియమం. 35 ఉండాల్సిన టైరు 30కి పడినా లైటు రాకపోవచ్చు. లైటు కోసం ఎదురుచూడకుండా నెలకోసారి గేజీ పెట్టండి.

అద్దె ఆర్‌వీ తాళాలు తీసుకునేటప్పుడు స్టిక్కరు ఫొటో తీసుకోండి. టైరు మీద డాట్ (DOT) అన్న అక్షరాల వరసలో చివరి నాలుగు అంకెలు చూడండి: 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది. మరీ పాతదైతే అక్కడే మార్చమని అడగండి. అన్ని టైర్లకీ, స్టెప్నీ ఉంటే దానికీ గాలి మీ ముందే కొలవమనండి.