తాటాకు నుంచి పాఠకుడి దాకా

సంస్కృత గ్రంథాల పరిష్కరణలో, అనువాదంలో తల నెరిసినవాణ్ణి. ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నాకు తెలిసింది చెబుతాను.

1. ఫొటో తీసుకున్నాం కదా అని తాటాకును వదిలెయ్యకండి. గాడిలో పూసిన మసి వెలిసిపోయిన అక్షరం ఫొటోలో చాలాసార్లు కనబడదు. ఆకును వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూడండి, గంటం గీసిన గాడి నీడ తేలుతుంది. చదవడం అయ్యాక నిమ్మగడ్డి నూనె పట్టించి, చెక్కబద్దల మధ్య కట్టి, గుడ్డ చుట్టి ఉంచాలి.

2. ఒక్క ప్రతిని నమ్మి పుస్తకం వెయ్యొద్దు. తెలుగు లిపి తాళపత్రాల్లో ద-ధ, బ-భ తేడా చాలాచోట్ల పాటించరు. రేఫ (ర్) పక్కన హల్లును జంటగా రాస్తారు: ధర్మ్మ, కర్మ్మ. అది తప్పు కాదు, ఆనాటి అలవాటు. రెండు పాదాలు ఒకే మాటతో మొదలైతే లేఖకుడి కన్ను జారి, మొదటి పాదం కాస్తా ఎగిరిపోతుంది. అందుకే ప్రతులన్నీ పక్కపక్కన పెట్టుకోవాలి. పుణెలో భండార్కర్ సంస్థ మహాభారత సంశోధిత ప్రతిని 1919లో మొదలుపెట్టి 1966 దాకా శ్రమించింది. అందులో పుటల అడుగున పాఠాంతరాలు చూడండి. మీకు సరైనదనిపించిన పాఠం పైన వేసి, మిగతావి కింద ఇవ్వండి. రేపు మరొకరు మీతో విభేదించాలంటే ఆధారం అక్కడ దొరకాలి.

3. వ్యాఖ్యానం చదవందే అనువాదానికి కలం పట్టొద్దు. కాళిదాసుకు మన మెదకుసీమ కొలచారం వ్యాఖ్యాత మల్లినాథసూరి ఉన్నాడు. ఆధారం లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని ఆయన ముందే మాట ఇచ్చుకున్నాడు. మనకంతకన్నా ఒరవడి ఏం కావాలి?

4. పెద్ద సమాసాలను విరవండి. కాదంబరిలో బాణుడు ఒక్క రాజుకే విశేషణాల మీద విశేషణాలు పేరుస్తాడు. అన్నీ నామవాచకం ముందు కుక్కితే తెలుగులో ఊపిరాడదు. ముందు ఎవరో చెప్పండి, తర్వాత ఆ విశేషణాలను అదే వరసలో చిన్న చిన్న వాక్యాలుగా నడిపించండి.

5. మూలాన్ని తెలుగు లిపిలో పక్కనే వెయ్యండి. 1854లో చెన్నపట్నంలో మొదలైన వావిళ్ల ముద్రణాలయం పుణ్యాన, నాగరి రాని ఇళ్లకూ సంస్కృతం చేరింది. సంస్కృత పండితులు పుల్లెల శ్రీరామచంద్రుడు గారు వాల్మీకి రామాయణానికి ప్రతిపదార్థం, తాత్పర్యం రెండూ ఇచ్చారు. సంస్కృతం రానివారు కూడా శ్లోకం దగ్గరికి నడిచే దారి అది.

చివరిగా, ఇళ్లలో పాత తాటాకు కట్టలున్నవారికి ఒక విన్నపం. పవిత్రమని వాటిని నదిలో కలపకండి. హైదరాబాదు ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికో, తిరుపతి ప్రాచ్య పరిశోధన సంస్థకో తీసుకెళ్లి చూపించండి.