అగ్నిద్వీపములు – యుద్ధకాలమున వాని విలువ

కొవ్వూరు, దేవరపల్లి ప్రాంతములలో పంగిడి, గౌరీపట్నం మీదుగా పోవువారికి నల్లరాతి క్వారీలు కానవచ్చును. రాజమండ్రి వైపున కాతేరు వద్దను అదే రాయి కలదు. మన రోడ్లకు కంకరగా మారుచున్న ఈ రాయి సుమారు 6 కోట్ల 50 లక్షల ఏండ్ల క్రిందట మరుగుచు ప్రవహించిన లావా. ఆ ప్రవాహముల నడిమి పొరలలో సముద్రపు చిప్పల శిలాజములు దొరకుటచే నాటి సముద్రము ఇంత లోపలి వరకు వచ్చియుండెనని పండితులు నిర్ణయించిరి. కనుక అగ్నిశిల గోదావరి వాసులకు పరాయి వస్తువు కాదు.

పసిఫిక్ యుద్ధమును బోధించునపుడు విద్యార్థులు మమ్ము తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు: బూడిదతోను గంధకపు పొగలతోను నిండిన దీవికై అంతమంది ఏల ప్రాణములర్పించిరి? ఇవో జిమా వైశాల్యము సుమారు 21 చదరపు కిలోమీటర్లు. 1945 ఫిబ్రవరి 19 మొదలు మార్చి 26 వరకు జరిగిన పోరులో అమెరికనులు సుమారు 7 వేలమంది మరణించిరి. జపాను సైన్యము దాదాపు పూర్తిగా నశించెను. మరియానా దీవుల నుండి టోక్యోకు పోవు బాంబరు విమానముల దారిలో అది నడుమనుండుటయే దాని విలువ. మెత్తని అగ్నిశిలను తొలిచి జపానువారు మైళ్లకొలది సొరంగములు నిర్మించిరి. ఒడ్డున దిగినవారి బండ్ల చక్రములు నల్లని ఇసుకలో కూరుకొనిపోయెను. న్యూబ్రిటన్ లోని రబౌల్ రేవు మరియొక తీరుది. కూలిన అగ్నిపర్వత ముఖములోనికి సముద్రము చొచ్చి లోతైన ఓడరేవు ఏర్పడినది. 1942 జనవరిలో జపాను దానిని గైకొనెను. సింగపూరులో చిక్కిన భారతీయ సైనికులు కొందరు బందీలుగా అచటికి చేరిరి. ఆ అగ్నిపర్వతములే 1994లో ఆ పట్టణమును బూడిదలో ముంచెను.

ఇక మన సముద్రము మాట. భారతదేశమున నేడు సజీవముగానున్న అగ్నిపర్వతము ఒక్కటే. అది అండమానులలోని బారెన్ ద్వీపము. పోర్టు బ్లెయిరుకు ఈశాన్యముగా సుమారు 140 కిలోమీటర్ల దూరమున నున్నది. 1787లో దాని విస్ఫోటనము నమోదైనది; పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధము తరువాత చిరకాలము నిద్రించి 1991లో మేల్కొన్నది. రేవు లేదు, జనము లేరు. కావున యుద్ధమున దాని నెవరును కోరలేదు. దీవికి విలువ నిచ్చునది అగ్ని కాదు, ఓడ నిలుచు లోతు, విమానము దిగు చోటు అని మా అభిప్రాయము.

ఆ రెండును గలది పోర్టు బ్లెయిరు. మన ఉర్దూ విద్యార్థులకు అది కాలాపానీ. 1857 హైదరాబాదు రెసిడెన్సీ దాడికై శిక్షపడిన మౌల్వీ అల్లాఉద్దీన్ అచటనే కన్నుమూసెను. 1942 మార్చి 8న రంగూను పడిపోగా, బ్రిటిషు దళములు దీవులను విడిచిపోయెను. మార్చి 23న జపానువారు దిగిరి. నీటిపై వాలు వారి విమానములు అచటినుండి బంగాళాఖాతమును గాలింపసాగెను. ఏప్రిల్ 6న ర్యూజో అను విమానవాహక నౌక నుండి లేచిన విమానములు విశాఖపట్నము మీదను, మన కాకినాడ రేవు మీదను బాంబులు వేసెను. ఓజవా సేనాని నౌకలు కొద్ది దినములలో ఇరువదికి పైగా వర్తకపు ఓడలను ముంచెను. అండమానులు శత్రువుల వశము కాకున్న అంత నిర్భయముగా వారీ సముద్రమున తిరుగగలిగెడివారా యని సందేహింపవలసియున్నది. కాకినాడ నుండి స్టీమరెక్కి రంగూనుకు కూలికి పోయిన మనవారు వేలమంది అప్పటికే అరకాను అడవుల గుండ కాలినడకన మరలుచుండిరి.

దీవుల వారి గతి మరింత దారుణము. 1943 డిసెంబరు 30న నేతాజీ పోర్టు బ్లెయిరున పతాకము నెగురవేసెను. పిదప నెలదినములకే, 1944 జనవరి 30న, హంఫ్రేగంజ్ వద్ద గూఢచారులన్న అనుమానముతో 44 మంది పౌరులను జపాను సైనికులు కాల్చిచంపిరి. అంతకుముందే, జనవరి 14న, ప్రజల పక్షమున నిలిచిన డాక్టరు దివాన్ సింగ్ చిత్రహింసలచే మరణించెను. ఓడలు రాక తిండి కరవై, 1945 అక్టోబరులో బ్రిటిషువారు మరల వచ్చునప్పటికి జనము కృశించియుండిరి. యుద్ధచరిత్రలు నౌకల టన్నులు లెక్కించినంత శ్రద్ధగా వీరిని లెక్కింపలేదు.

బారెనుకు ఉత్తరమున నార్కొండం కలదు. అది చల్లారిన అగ్నిపర్వతము, ఎత్తు 710 మీటర్లు. నరకకుండ మను మాట నుండి ఆ పేరు వచ్చెనని కొందరందురు. అదే నిజమైన ఆ పేరు బారెనుకే తగును! ఆ దీవిలో తప్ప లోకమున మరెచ్చటను లేని కొమ్ముముక్కు పక్షి జాతి యొకటి అందున్నది. తీరరక్షక దళము అచట రాడారు నెలకొల్ప గోరగా, పక్షి నిమిత్తము 2012లో పర్యావరణ శాఖ కాదనెను, 2014లో అనుమతించెను.