పసి మనస్సునకు తొలి ఆసరా

గోటితో పోవు దానికి గొడ్డలి యెందుకని పెద్దలందురు. దేహమునకు వచ్చు రుగ్మతల విషయమున ఈ మాటను ప్రతి గృహమును పాటించుచున్నది. బిడ్డకు రెండు దినములు జ్వరము తగ్గనిచో తల్లిదండ్రులు ఆసుపత్రికి పరుగెత్తుదురు. అదే బిడ్డ రెండు మాసములుగా సరిగా తినక, నిద్రింపక, ఎవరితోను మాటలాడక ఒక మూల కూర్చుండినచో ‘మొండితన’మనియో, ‘దిష్టి తగిలిన’దనియో సరిపెట్టుకొందురు. గోటితో పోవలసినది గొడ్డలి వరకు పోవుట ఇచ్చటనే మొదలగును. బాలబాలికల మనఃక్లేశమును తొలిదశయందే గుర్తించుట యెట్లు, అందు కుటుంబము చేయదగినదేమి అనునవి ఈ పాఠమునకు విషయములు.

వ్యాధికి ఆరంభము

పెద్దలలో కనబడు మానసిక వ్యాధులలో పెక్కింటికి బీజము బాల్యకౌమారములలోనే పడుచున్నది. పలు దేశములలో జరిగిన 192 పరిశోధనలను క్రోడీకరించి 2021లో వెలువరించిన విశ్లేషణ ప్రకారము, మానసిక వ్యాధులకు లోనైనవారిలో సుమారు మూడింట ఒక వంతు మందికి 14 ఏండ్లలోపున, దాదాపు సగము మందికి 18 ఏండ్లలోపున అవి ఆరంభమైనవి. బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015–16లో జరిపిన జాతీయ మానసికారోగ్య సర్వేలో 13–17 ఏండ్లవారిలో నూటికి ఏడుగురికి పైగా ఏదో యొక మానసిక రుగ్మత యున్నట్లు తేలినది. అనగా నలువదిమంది గల తరగతిలో సుమారు ముగ్గురు.

గుర్తింపవలసిన చిహ్నములు

పెద్దవారు తమ దుఃఖమును మాటలతో చెప్పుకొందురు. చిన్నపిల్లలకు ఆ మాటలు చాలవు. వారి దుఃఖము కడుపునొప్పిగా, తలనొప్పిగా, బడికి పోనను మారాముగా బయటపడును. ఎప్పుడో మానిన పక్క తడుపుట మరల మొదలు కావచ్చును. కొంత ఎదిగినవారిలో చిరాకు, కోపము, చదువున వెనుకబాటు, ప్రియమైన ఆటపై అయిష్టత, స్నేహితులకు దూరమగుట కానవచ్చును. ఒకనాటి అలుక వ్యాధి కాదు. ఆ మార్పు రెండు వారములు దాటి నిలిచి, తిండిని, నిద్రను, చదువును, ఆటను చెరుపుచున్నచో ఉపేక్షింపరాదు. కడుపునొప్పికి దేహకారణము లేదని వైద్యుడు చెప్పిన పిమ్మట ‘దొంగనొప్పి’ యని బిడ్డను గద్దించుట తగదు. ఆ నొప్పి బిడ్డకు నిజమైనదే.

తల్లికి సాయము, బిడ్డకు రక్ష

శిశువు మనస్సునకు తొలి పందిరి తల్లి మనస్సు. తల్లి కుంగియున్నచో బిడ్డ పోషణయు కుంటుపడును. పాకిస్తానులోని రావల్పిండి ప్రాంతపు పల్లెలలో జరిగిన ఒక ప్రయోగ ఫలితములు 2008లో వెలువడినవి. కుంగుబాటునకు లోనైన సుమారు 900 మంది నిండు గర్భిణులను రెండు భాగములు చేసిరి. ఒక భాగమువారి యిండ్లకు, తల్లి నిరాశాభావములను ఓపికతో విని వాటిని మెల్లగా మరలించుటలో శిక్షణ పొందిన గ్రామ ఆరోగ్య కార్యకర్తలు 16 పర్యాయములు వెళ్లిరి. రెండవ భాగమువారి యిండ్లకు ఆ శిక్షణ లేని కార్యకర్తలు అన్నియే పర్యాయములు వెళ్లిరి. కాన్పైన ఆరు నెలలకు మొదటి భాగమున నూటికి 23 మంది తల్లులలోను, రెండవ భాగమున 53 మందిలోను కుంగుబాటు కనబడెను. మొదటి భాగమువారి శిశువులలో విరేచనముల బాధ తగ్గెను. టీకాలు ఎక్కువమందికి పూర్తిగా పడెను. ఆ కార్యకర్తలు వైద్యులు కారు, పల్లె స్త్రీలే.

తెలుగునాట తొలికాన్పునకు స్త్రీ పుట్టినింటికి పోవుట ఆచారము. అచ్చట కన్నతల్లి సేవ లభించును. మూడవ నెలనో ఐదవ నెలనో బిడ్డతో అత్తవారింటికి రాగానే ఇంటిపని మీదపడును; రాత్రి నిద్ర యుండదు; మనస్సు చెప్పుకొనుటకు తోడుండదు. ‘మేము పిల్లలను కనలేదా?’ యను మాట ఆమె నోరు మూయించును. అత్తగారు రాత్రివేళ ఒక జాము బిడ్డను ఎత్తుకొనుట, భర్త ఆమె మాట వినుట అల్పములుగా తోచవచ్చును. తొలి ఆసరా యనగా అట్టివే.

బడియు, విద్యార్థి నిలయమును

బీహారు రాష్ట్రమందలి నలందా జిల్లాలో 74 పాఠశాలలయందు జరిగిన మరియొక పరిశోధన 2018లో ప్రచురింపబడినది. కొన్ని బడులలో శిక్షణ పొందిన సామాన్య సలహాదారులు, మరికొన్నిటిలో ఉపాధ్యాయులు పిల్లల మనోవికాస కార్యక్రమమును నడిపిరి. సలహాదారులున్న బడులలో తొమ్మిదవ తరగతి పిల్లల కుంగుబాటు, పరస్పర వేధింపులు తగ్గినవి. బడి వాతావరణము మెరుగుపడెను. ఉపాధ్యాయులు నడిపినచోట అట్టి ఫలితము కానరాలేదు. దీనివలన ఉపాధ్యాయులకు వాత్సల్యము లేదని తలపరాదు. పాఠములు, పరీక్షలు, దస్త్రముల నడుమ వారికి తీరిక చిక్కదు. మార్కులు వేయువారితో మనస్సు విప్పుటకు పిల్లలును జంకుదురు. కావున పాఠశాలలలోను, మఠముల విద్యార్థి నిలయములలోను వినుటయే పనిగా గల ఒక పెద్దదిక్కు ఉండవలెను. శిక్షించు అధికారము గలవారు ఆ పనికి తగరు.

పలుకవలసిన మాట

‘పక్కింటి పిల్లవానికన్న నీకేమి తక్కువ చేసితిమి?’ యను ప్రశ్నకు బిడ్డయొద్ద జవాబుండదు. ‘నాన్నా, ఈ నడుమ నీవు అన్నము సరిగా తినుట లేదు. ఏమైనను చెప్పుము, కోపపడను’ అను మాటకు నేడు కాకున్న రేపైనను జవాబు వచ్చును. వచ్చిన పిమ్మట కోపపడకుండుట తల్లిదండ్రుల ధర్మము. ఒకసారి మాట తప్పినచో ఆ తలుపు మరల తెరచుకొనుట కష్టము.

బ్రతుకుపై విసుగు పలికిన బిడ్డను, చావు తలంపు కలుగుచున్నదాయని నేరుగా, నెమ్మదిగా అడుగవలెను. అడిగినంత మాత్రమున లేని తలంపు పుట్టదు. ఉన్న భారము తగ్గును. ఆ బిడ్డను ఒంటరిగా విడువరాదు. పురుగుమందులను ఇంటినుండి తొలగింపవలెను. నాడే వైద్యుని చెంతకు గొనిపోవలెను.

సహాయము దొరకు చోట్లు

2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వము ‘టెలి మానస్’ సేవను ఆరంభించినది. 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో రుసుము లేకుండ, తెలుగులోనే, ఏ వేళనైనను సలహా లభించును. ఆపదలోనున్న పిల్లలకు 1098 కలదు. హైదరాబాదు ఎఱ్ఱగడ్డలోను, విశాఖపట్టణములోను ప్రభుత్వ మానసిక చికిత్సాలయములున్నవి. 2017 నాటి మానసిక ఆరోగ్య రక్షణ చట్టము చికిత్సను ప్రతివారి హక్కుగా ప్రకటించినది.

ఇన్ని యున్నను పెక్కు కుటుంబములను ఆపునది ‘రేపు సంబంధములు కుదరవేమో’ యను భయము. దాచిన జ్వరము తగ్గదు. దాచిన దుఃఖమును అంతియే. పదునాలుగవ యేట నాలుగు మాటలతో తేలికపడదగిన బాధ, దాచినకొలది ముదిరి, ఇరువదవ యేట దీర్ఘచికిత్స కోరవచ్చును. ఆ యేండ్లు బిడ్డకు మరల రావు.

ఇంట చర్చింపవలసిన ప్రశ్నలు

1. ఈ వారమున ఇంటిలోని ప్రతి బిడ్డతో చదువు ప్రసక్తి లేకుండ ఎంతసేపు మాటలాడుట జరిగినది?
2. బాలింతకు రాత్రి నిద్ర దొరకుటకు ఎవరు ఏ పని పంచుకొనుచున్నారు?
3. బిడ్డ తప్పు చేసి వచ్చినచో భయపడక ముందుగా ఎవరితో చెప్పుకొనును? అట్టివారు ఇంట లేనిచో ఆ స్థానమును ఎవరు వహింపవలెను?