తప్పుల పద్దు

చి. అమ్మలుకి తాతయ్య ఆశీస్సులు.

జర్మన్ బీ1 మాదిరి పరీక్షలో మాట్లాడే విభాగానికి 54 వచ్చాయనీ, 60 వస్తేగాని ప్యాస్ కాదనీ దిగులుగా రాశావు. ఆరు తక్కువయ్యాయని ఆ అంకె చెప్పింది సరే, ఎక్కడ తక్కువయ్యాయో చెప్పిందా? అది నువ్వే కనిపెట్టుకోవాలి.

నా సంగతి విను. కుర్రతనంలో హిందీ పరీక్షలు వరసగా ఫస్టు క్లాసులో ప్యాసయ్యాను. ఒకసారి నాగపూర్ స్టేషన్లో కూలీని "గాడీ కబ్ ఆయేగా?" అని దర్జాగా అడిగాను. అతను బీడీ నోట్లోంచి తీసి "ఆయేగీ, బాబూజీ" అన్నాడు. మన తెలుగులో బండి వచ్చినా, బల్ల విరిగినా క్రియకు పేచీ లేదు. హిందీలో ప్రాణం లేని వస్తువుకీ ఆడా మగా ఉంది, క్రియ దాన్నిబట్టి మారుతుంది. ఆ సూత్రం నాకు కంఠతా వచ్చు, మాటలోకి మాత్రం రాలేదు. ఆ రాత్రి బెర్తు మీదే చిన్న నోటుబుక్కులో పద్దు మొదలెట్టాను: ఏం అన్నాను, ఏం అనాల్సింది, ఎందుకు తడబడ్డాను. నెల తిరిగేసరికి పేజీలు నిండాయి. తీరా చూస్తే అవన్నీ మూడే తప్పులు, వంద వేషాల్లో వచ్చాయి. మూడింటికి భయమేముంది?

నువ్వూ పద్దు పెట్టు. ఫోన్లో రెండు నిమిషాలు జర్మన్‌లో మాట్లాడి రికార్డు చేసుకో. మర్నాడు విను, ఒక్కోసారి ఒక్క విషయం కోసమే. మొదట "వైల్" తర్వాత క్రియ ఎక్కడ పడిందో చూడు. "ఒంట్లో బాగాలేదు కాబట్టి" అనడానికి "వైల్ ఇష్ క్రాంక్ బిన్" అనాలి. క్రియను చివర పెట్టడం మనకు ఉగ్గుపాలతో వచ్చిన అలవాటే. అయినా నీ నోట "వైల్ ఇష్ బిన్ క్రాంక్" వస్తోందంటే, ఇంగ్లీషులో అనుకుని జర్మన్‌లోకి తిప్పుతున్నావన్నమాట. ఈ సంగతి ఏ మార్కుల కాగితం మీదా ఉండదు.

"నాకు జర్మన్ వచ్చా?" అని మాత్రం నిన్ను నువ్వు అడగకు. దానికి ఆ పూట నీ మూడ్ ఎలా ఉంటే అలా జవాబొస్తుంది. కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2001లో అచ్చేసిన భాషా ప్రమాణాల్లో ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లున్నాయి. నీ బీ1 మూడోది. నేర్చుకునేవాళ్లు తమను తాము చూసుకోవడానికి అందులో ఒక పట్టిక ఉంది. వాక్యాలు చాలావరకు "నేను ఫలానాది చేయగలను" అనే ధోరణిలోనే ఉంటాయి. నువ్వూ అలాగే అడుగు: "ఇంటి యజమానికి ఫోన్ చేసి, అద్దెంతో, ఎప్పుడు చేరొచ్చో కనుక్కోగలనా?" చేసి చూస్తే తేలిపోతుంది.

ఒక జాగ్రత్త. మనకు తెలియని తప్పు మన చెవికి ఆనదు. అందుకే రాసింది టీచరుగారికిచ్చే ముందు నీ మార్కు నువ్వు వేసి దాచుకో, తర్వాత ఆవిడ వేసినదానితో పోల్చు. రెండూ ఎక్కడ విడిపోయాయో, ఆ వారం అక్కడ కూర్చుని చదువు.

ఈసారి ఉత్తరంలో మార్కులు రాయకు. పోయిన వారం చేతకాక, ఈ వారం చేయగలిగిన పని ఒక్కటి రాయి.

ఉంటాను.
తాతయ్య