కోతుల కోసం కార్బైడ్ గన్నా? చేసే ముందు ఇది చదవండి

"అన్నా, కోతులు మక్క కంకి ఒక్కటి మిగల్చడం లేదు, పైపుతో కార్బైడ్ గన్ ఎలా చేయాలో వీడియో పెట్టు" అని చాలామంది అడుగుతున్నారు. ఆ వీడియో నేను చేయను. ఎందుకో, బదులుగా ఏం చేయొచ్చో వివరంగా చెప్తాను.

ముందుగా అందులో ఏం జరుగుతుందో చూద్దాం. కాల్షియం కార్బైడ్‌కి నీళ్లు తగిలితే ఎసిటిలిన్ గ్యాస్ పుడుతుంది. వంట గ్యాస్ గాలిలో సుమారు 2 నుంచి 10 శాతం ఉంటేనే అంటుకుంటుంది. ఎసిటిలిన్ అలా కాదు, 2.5 శాతం నుంచి 80 శాతం దాకా ఎంత ఉన్నా అంటుకుంటుంది. చిన్న నిప్పురవ్వ చాలు. అంటే "కొంచెమే వేశాను, ఏం కాదులే" అనే లెక్క ఇక్కడ పనిచేయదు.

రెండోది పైపు. పీవీసీ పైపు మీద రాసి ఉండే ప్రెషర్ నీళ్లకు సంబంధించింది, పేలుడుకు కాదు. ఎండకు ఎండిన పైపు పెళుసెక్కుతుంది. పదిసార్లు బాగానే పేలిన గొట్టం పదకొండోసారి ముక్కలై ముఖం మీదికి రావచ్చు.

మూడోది, అన్నింటికన్నా ముఖ్యం. గన్ పేలకపోతే మనిషి చేసే మొదటి పని గొట్టంలోకి తొంగి చూడటం. పేలుడు ఆలస్యమైతే కళ్లు పోయేది అప్పుడే. 2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో ఈ గన్‌లు ఆడుకునే వస్తువుల్లా అమ్మారు. వంద మందికి పైగా, ఎక్కువగా పిల్లలే, కంటి గాయాలతో ఆసుపత్రులకు చేరారు. కొందరికి చూపు పోయింది. చేను దగ్గర మన గన్ పట్టుకునేది కూడా చాలాసార్లు బడి నుంచి వచ్చిన పిల్లోడే కదా!

ఇంకో మాట. కార్బైడ్‌తో కాయలు మాగబెట్టడం ఆహార భద్రత నిబంధనల ప్రకారం నిషేధం. మన మామిడికి వద్దన్న కార్బైడ్‌ని మన పొలంలో ఎందుకు నిల్వ పెట్టాలి? పైగా రోజూ అదే మోత వింటే కోతులు అలవాటు పడతాయి.

మరి ఏం చేద్దాం?

• చిలుకలకు: మక్కలో గట్టు వైపు మూడు నాలుగు సాళ్ల కంకులను ఆ మొక్క ఆకులతోనే చుట్టండి. మెరిసే రిబ్బన్‌ను మెలితిప్పి కర్రలకు కట్టండి.
• అడవి పందులకు: చేను చుట్టూ ఆముదం సాళ్లు వేయండి. సోలార్ ఫెన్సింగ్ పెడితే కంపెనీ ఎనర్జైజర్‌తోనే పెట్టండి. కరెంటు తీగ నేరుగా కలపొద్దు.
• కోతులకు: మంచె, వడిసెల, వంతులవారీ కాపలా. పక్క పొలాల వాళ్లు కలిస్తేనే ఫలితం ఉంటుంది.

ఇప్పటికే ఎవరికైనా కంట్లో కార్బైడ్ పడితే నలపొద్దు. రెప్పల చుట్టూ ఉన్న పొడిని పొడి గుడ్డతో వెంటనే తుడిచి, శుభ్రమైన నీటిధారతో కనీసం ఇరవై నిమిషాలు ఆపకుండా కడగండి. ముక్క ఏదైనా గుచ్చుకుని ఉంటే పీకొద్దు, కంటిని నొక్కొద్దు. పసరు, ఆముదం, చనుబాలు పోయొద్దు. వెంటనే కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

పోయిన కంకి వచ్చే పంటకు మళ్లీ వస్తుంది, పోయిన కన్ను రాదు. మీ ఊళ్లో ఎవరైనా ఈ గన్ తయారుచేస్తుంటే ఇది వాళ్లకి చదివి వినిపించండి.