మాటకందనిది గీతకందుతుంది

బాధను ఇతరులతో చెప్పుకోవాలంటే ముందుగా దానికొక పేరు దొరకాలి. కానీ భయం, దుఃఖం, అవమానం హద్దు దాటినప్పుడు గొంతు పూడుకుపోతుందే తప్ప మాట పెగలదు. అలా మాటకు లొంగని అనుభవాన్ని రంగు, రేఖ, మట్టి వంటి వాటి ద్వారా వెలికి తెచ్చి, శిక్షణ పొందిన నిపుణుల తోడ్పాటుతో దాన్ని అర్థం చేసుకునే పద్ధతినే కళా చికిత్స అంటారు. బొమ్మ అందంగా కుదిరిందా లేదా అన్న విచారానికి ఇందులో తావు లేదు. గీస్తున్నంతసేపూ గీసేవారి మనసులో ఏం జరుగుతున్నదన్నదే ఇక్కడ ముఖ్యం.

‘ఆర్ట్ థెరపీ’ అనే పేరును వాడుకలోకి తెచ్చినవారు బ్రిటిష్ చిత్రకారుడు ఏడ్రియన్ హిల్. 1938లో క్షయవ్యాధితో శానిటోరియంలో చేరిన ఆయన, బొమ్మలు గీయడంలో తనకు దొరికిన ఊరటను గుర్తించి, దాన్ని తోటి రోగులకూ పంచి, ఆ అనుభవాలను 1945లో పుస్తకంగా వెలువరించారు. దాదాపు ఆ కాలంలోనే అమెరికాలో మార్గరెట్ నామ్‌బర్గ్ బొమ్మను అచేతనపు భాషగా, అంటే మనిషి ఎరుకకు అందకుండానే అతని నడవడిని ప్రభావితం చేసే కోరికల, భయాల భాషగా పరిగణించి, దాని అర్థాన్ని గీసినవారి నోటనే చెప్పించే విధానాన్ని రూపొందించారు.

ఈ చికిత్సకు ఒక వ్యవస్థ ఏర్పడకముందే దాని సారాన్ని ఆచరించి చూపిన చిత్రకారిణి ఫ్రీడల్ డికర్-బ్రాండైస్. 1942 డిసెంబరులో నాజీలు టెరెజిన్ నిర్బంధ శిబిరానికి తరలించినప్పుడు ఆమె తన సామానులో చిత్రలేఖన సామగ్రిని వెంట తీసుకువెళ్లి, ఆకలి, భయం, ఎడబాటు మధ్య బతుకుతున్న పిల్లలకు రహస్యంగా పాఠాలు చెప్పారు. వాడేసిన కార్యాలయ కాగితాలను చించి అంటించి చిత్రాలు చేయించారు. ఖైదీలను సంఖ్యలతో లెక్కించే ఆ చోట ప్రతి చిత్రం మీదా గీసిన పిల్లల పేరు ఉండేలా చూశారు. 1944 అక్టోబరులో ఆమెను ఆష్విట్జ్‌కు తరలించి చంపివేశారు. ఆమె రెండు పెట్టెల్లో దాచి వెళ్లిన బొమ్మలు మాత్రం నిలిచాయి. టెరెజిన్ పిల్లల చిత్రాలు సుమారు 4,500 నేటికీ ప్రాగ్‌లోని యూదు మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. ఆమె శిష్యురాలు ఎడిత్ క్రేమర్ తరువాత అమెరికాలో కళా చికిత్సకు మార్గదర్శకులయ్యారు.

గీత మనసుకు మేలు చేయడానికి ప్రధాన కారణం బాహ్యీకరణ, అంటే లోపలి అలజడిని కంటి ఎదుట నిలుపుకోవడం. అంతవరకూ మనిషిని ఆవరించి ఉన్న బాధ కాగితం మీదికి చేరినప్పుడు దానికొక అంచు, ఒక కొలత ఏర్పడతాయి. దాన్ని దూరం నుంచి చూడవచ్చు, రంగు మార్చవచ్చు, పక్కన ఒక కిటికీ గీయవచ్చు. తన చేతిలో ఏమీ లేదని కుంగిపోయినవారికి ఈ చిన్న ఎంపికలే పట్టు తిరిగి దొరికిన భావన కలిగిస్తాయి. 2016లో అమెరికాలో 39 మంది పెద్దలతో జరిగిన ఒక చిన్న అధ్యయనంలో, 45 నిమిషాల కళాసాధన తరువాత సుమారు 75 శాతం మందిలో ఒత్తిడికి సూచికైన కార్టిసాల్ అనే హార్మోను స్థాయి తగ్గింది. కళలో పూర్వానుభవం ఉండటం, లేకపోవడం వల్ల ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ఇంటి దగ్గర సాధన చేయదలచినవారు రోజుకు ఇరవై నిమిషాలు కేటాయించి, ఆనాటి మనస్థితికి తగిన రంగు ఎంచుకుని, శ్వాసకు అనుగుణంగా గీతను సాగనిచ్చి, ముగిశాక అందులో తమకు కనిపించినదాన్ని రెండు వాక్యాల్లో రాసుకోవచ్చు. చుక్క తప్పకుండా ముగ్గు వేసేటప్పుడు కుదిరే ఏకాగ్రతా ఈ కోవలోనిదే. అయితే ఇది మనసుకు విశ్రాంతినిచ్చే సాధనే తప్ప చికిత్స కాదు. తీవ్రమైన కుంగుబాటు, ఆత్మహత్య ఆలోచనలు వేధిస్తున్నప్పుడు మానసిక వైద్యులను ఆశ్రయించాలి, భారత ప్రభుత్వ టెలి మానస్ సేవను 14416 నంబరులో సంప్రదించాలి.

బొమ్మ పూర్తయ్యాక దాని అడుగున తేదీ వేసి పేరు రాసుకోవడం కూడా ఈ సాధనలో భాగం కావాలి. టెరెజిన్ పిల్లలకు వారి గురువు నేర్పినది కూడా అదే: కాగితం మీద ఎంత చీకటి పరుచుకున్నా, దాన్ని గీసిన చేతికి ఒక పేరు ఉన్నది.