సెలవులలో చెరువు గట్టు: పోరుమామిళ్ళ శాసనం చెప్పే పాఠం

సంక్రాంతికి కళాశాలలు మూతపడగానే పట్నపు విద్యార్థులు నలుగురైదుగురు కలసి, తమలో ఒకని స్వగ్రామానికి బయలుదేరడం తెలుగునాట చాలాకాలంగా ఉన్న అలవాటే. అరిసెలు తింటారు, పొలాల వెంట తిరుగుతారు, సాయంకాలం చెరువు గట్టున కూర్చొని సూర్యాస్తమయాన్ని చూచి సంతోషిస్తారు. ఇందులో తప్పేమీ లేదు. అయితే తాము కూర్చున్న గట్టును ఎవరు వేయించారో, అక్కడే ఎందుకు వేయించారో, దాని క్రింద ఎన్ని కుటుంబాలు బ్రతుకుతున్నవో అడగకుండానే తిరిగివచ్చేవారే ఎక్కువ. చెరువు క్రింద బ్రతికే ఊరిని తెలుసుకోదలచినవారు ఈ ప్రశ్నలతో మొదలుపెట్టడం మేలు.

ఇందుకు పాఠ్యగ్రంథం వంటి శాసనం ఒకటి కడప జిల్లాలోని పోరుమామిళ్ళలో ఉన్నది. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కుమారుడు, ఉదయగిరి ప్రాంతాన్ని పాలించిన భాస్కర భవదూరుడు 1369లో అక్కడ చెరువు త్రవ్వించాడు. దానికి అనంతరాజసాగరమని పేరు. కొండల నడుమ ఉన్న ఖాళీలను మట్టికట్టలతో మూసి, వాటికి రాతి పరుపు చేయించి, మాలదేవి ఏటి నీటిని నిలిపారు. రెండేండ్లపాటు దినమునకు 1,000 మంది కూలీలు పనిచేశారనీ, తూముల నిర్మాణానికి కావలసిన రాయిని 100 బండ్లు చేరవేశాయనీ ఆ సంస్కృత శాసనం లెక్క చెబుతున్నది. ఆరున్నర శతాబ్దాలు గడచినా ఆ చెరువు నేటికీ నిలిచి ఉన్నది.

శాసనాలలో సాధారణంగా కనిపించే దాత ప్రశంస, దాన ఫలం ఇందులోనూ ఉన్నవి. కాని ఈ శాసనకర్త అంతటితో ఆగలేదు. మంచి చెరువుకు పన్నెండు అంగాలు ఉండాలన్నాడు. ఆరు దోషాలు ఉండరాదన్నాడు. ధర్మపరుడైన రాజు, జలశాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి నేల, తియ్యని నీటి ఏరు, దగ్గరలో రాతి గని, క్రింద సారవంతమైన పొలాలు మొదలైనవి అంగాలు. వీటి సరసనే నేర్పరులైన పనివారి బృందాన్ని కూడ ఒక అంగంగా చెప్పడం గమనించదగినది. రాజుకున్న చోటే మట్టి మోసే మనిషికీ దక్కింది.

సెలవులలో వెళ్ళిన మిత్రబృందానికి అంతకంటె ఎక్కువగా పనికివచ్చేవి ఆరు దోషాలు. వాటిని ఒక కాగితం మీద వ్రాసుకొని ఏ ఊరి చెరువు గట్టు మీదనైనా నడవవచ్చును. మొదటి దోషం కట్టలో నుండి నీరు ఊరడం. గట్టు వెలుపలి పాదం వెంట నడిస్తే ఇది తెలుస్తుంది. ఎండాకాలంలో కూడ అక్కడ పచ్చగడ్డి ఒత్తుగా ఉన్నా, కాలు పెడితే నేల మెత్తగా దిగినా అనుమానించవలసిందే. ఊటనీరు తేటగా వస్తున్నంతవరకు రైతులు అంతగా కలవరపడరు. అది బురదగా మారిన రోజున మాత్రం ఊరంతా గడ్డపారలు, ఇసుక మూటలు పట్టుకొని పరుగెత్తవలసి వస్తుంది. నీరు లోపలి మట్టిని కోసుకొని తెస్తున్నదనడానికి అది గుర్తు.

మట్టికట్ట తెగితే ఏమి జరుగుతుందో ఈ జిల్లావారికి ఒకరు చెప్పనక్కరలేదు. 2021 నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య జలాశయపు మట్టికట్ట వరదకు కొట్టుకొనిపోయింది. దిగువ గ్రామాలలో ఇండ్లు కూలినవి. పలువురు ప్రాణాలు కోల్పోయారు. వచ్చిన వరద బయటకు పోయే దారిని మించితే, నీరు కట్ట మీదుగా పొర్లి దానిని కోసివేస్తుంది. అందుచేతనే పెద్దలు అలుగుకు అంత ప్రాముఖ్యం ఇచ్చారు. తెలంగాణంలో దీనిని మత్తడి అంటారు. చెరువు నిండిన తరువాత మిగులు నీరు కట్టను తాకకుండా పోయే రాతి దారి ఇది. అలుగు ఎదుట ఇండ్లు కట్టుకొన్నారా, వాగు పూడిపోయిందా అన్నది విద్యార్థులు తప్పక చూడవలసిన విషయం. అడిగినవారికి ఎల్లప్పుడూ మంచి జవాబు రాకపోవచ్చు.

చవుడు నేల మరొక దోషం. చెరువు నడుమ తాబేటి వీపు వంటి మిట్ట ఉండడం ఇంకొకటి. అది నీరు నిలువవలసిన చోటును ఆక్రమిస్తుంది. సంక్రాంతికి వెళ్ళినవారికి ఇది కనిపించదు. రాయలసీమలో ఈశాన్య రుతుపవనాల వానలకు నిండిన చెరువు అప్పుడు అందంగా ఉంటుంది, లోపలి సంగతి మాత్రం దాచుకొంటుంది. వేసవి సెలవులలో మళ్ళీ వెళ్ళాలి. అప్పుడు ఎండిన పొట్టలో పూడిక ఎంత పేరుకొన్నదో, తూము నోరు ఎంతవరకు మునిగినదో స్పష్టంగా తెలుస్తుంది. ఆ ఒండ్రుమట్టి పొలానికి మంచి ఎరువు కనుకనే వెనుకటి రైతులు ఏటేటా బండ్ల మీద తోలుకొనేవారు. ఆ అలవాటు తగ్గినకొలదీ చెరువులు నిస్సారమైనవి. 2015లో తెలంగాణ ప్రభుత్వం మిషన్ కాకతీయ పేరుతో పూడికతీత చేపట్టినప్పుడు, తీసిన మట్టిని రైతులే పొలాలకు తరలించుకోవడం ఆ పాత పద్ధతికి కొనసాగింపే.

నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, ఆయకట్టు తక్కువై నీరు ఎక్కువ కావడం—ఈ రెండూ దోషాలే. మొదటిదే నేడు అధికంగా కనిపిస్తుంది. తూము దగ్గరి మడి తడుస్తుంది. కాలువ చివరి మడి ఎండుతుంది. కనుక చెరువు క్రింది వ్యవసాయాన్ని గురించి తూము దగ్గరి రైతును ఒక్కడినే అడిగి వ్రాసుకొన్న నోటుపుస్తకం సగం పుస్తకమే. కాలువ చివరిదాకా నడవాలి. అక్కడి ముసలి రైతును “తాతా, మీ వంతు నీరు ఎప్పుడు వస్తుంది?” అని అడిగితే, “వస్తే కదా నాయనా, చెప్పేది!” అనవచ్చు.

ఈ వంతులు నడిపే మనిషిని రాయలసీమలో నీరుగట్టి అనీ, తెలంగాణంలో నీరటి అనీ పిలిచారు. తమిళనాట ఇతడే నీర్‌కట్టి. కన్నడ సీమలో నీరుగంటి. భాషలు మారినా మాట ఒకే కుటుంబానిది, పనీ ఒక్కటే. పంటకాలంలో తూము తీయడం, మూయడం, ఎవరి మడికి ఎంతసేపో చూడడం అతని బాధ్యత. కళ్ళంలో గింజలు కొలిచేటప్పుడు అతని పాలు అతనికి కొలిచేవారు. తమిళనాడులోని ఉత్తరమేరూరులో 10వ శతాబ్దపు శాసనాలు చెరువును చూచుకొనే ప్రత్యేక సంఘాన్ని పేర్కొన్నవి. ఆంధ్రప్రదేశ్‌లో 1997 నాటి చట్టం నీటి వినియోగదారుల సంఘాలను ఏర్పరచింది. సంఘాలు వచ్చినవి గాని, గొట్టపుబావులు పెరిగినకొలదీ రైతుకు చెరువుతో ఉన్న పొత్తు సడలింది. స్వంత బోరు ఉన్నవాడు కాలువ పూడిక తీయడానికి రాడు. నీరుగట్టి కొడుకు పట్నంలో మరొక పని చూచుకొంటాడు. ఏ తూము ఎంత తెరిస్తే ఏ మడి దాకా నీరు పారుతుందన్న లెక్క ఏ దస్తావేజులోనూ లేదు. అది అతని తలలోనే ఉన్నది.

మిగిలిన దోషం రెండు రాజ్యాల సరిహద్దున చెరువు ఉండడం. 1369లో దీనిని వ్రాసినవానికి నీటి తగాదాల అనుభవం బాగానే ఉండి ఉండాలి. నేడు రాజ్యాలు లేవు, రాష్ట్రాలు ఉన్నవి; కృష్ణా, కావేరీ జలాల వివాదాలు న్యాయమండళ్ళ ముందు ఏండ్ల తరబడి నడిచినవి. అదే తగాదా చిన్న రూపంలో రెండు ఊళ్ళ మధ్య, ఎగువ చెరువుకు దిగువ చెరువుకు మధ్య ఉంటుంది. మిత్రబృందం దీనిని విచారించదలిస్తే రెండు ఊళ్ళకూ వెళ్ళి, రెండు వైపులా వినడం అవసరం.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పక తప్పదు. సెలవులలో చెరువులో దిగి మునిగిపోయిన విద్యార్థుల వార్తలు ప్రతి ఏటా వస్తున్నవి. పూడిక కోసం త్రవ్విన గోతులు నీటి క్రింద కనబడవు. తెరచిన తూము దగ్గర లాగుడు బలంగా ఉంటుంది. ఈత వచ్చినా సరే, నీరుగట్టిని అడగకుండా దిగరాదు. ఎక్కడ ఎంత లోతో అతనికి తెలుసు. ఆ మాట అడిగినప్పుడే గోతులెక్కడ ఉన్నవో, తూము సంగతేమిటో కూడ అతని చేత చెప్పించుకొని వ్రాసుకోవచ్చును. అట్లా వ్రాసుకొన్న పుస్తకం ప్రతి ఒకటి ఆ ఊరి పాఠశాలకు ఇచ్చి రావడం మంచిది.